కాగ్నా ఒడ్డున పుట్టిన రోము

రోము పుట్టుక గురించి నేను చదువుకున్న పుస్తకం ఉర్దూలో ఉండేది. పంతులునయ్యాక పిల్లలకు చెప్పిన పుస్తకం తెలుగులో ఉండేది. మధ్యలో ప్రభుత్వాలు మారాయి, బడి భాష మారింది, గోడ మీద పటాలు మారాయి. అబద్ధం మాత్రం ఒక్క అక్షరం చెక్కుచెదరలేదు.

ఆ కథ తెలియని అదృష్టవంతుల కోసం క్లుప్తంగా చెబుతాను. ఒక తమ్ముడు అన్నను గద్దె దింపి తాను రాజయ్యాడు. అన్న కూతురికి పిల్లలు పుడితే రేపు గద్దె అడుగుతారని ఆమెను పెళ్ళి లేకుండా గుడికి అప్పజెప్పాడు. అయినా ఆమె కవలల్ని కన్నది. తండ్రి ఎవరంటే యుద్ధదేవుడన్నది. పిల్లల్ని బుట్టలో పెట్టి ఏట్లో వదిలితే, బుట్ట ఒడ్డుకు తగిలింది. ఒక ఆడ తోడేలు వచ్చి పాలిచ్చింది. ఆ దారిన పోయే పశులకాపరి ఒకడు చూసి, ఇంటికి తీసుకుపోయి, పెళ్ళాం చేతిలో పెట్టి పెంచాడు. పెద్దయ్యాక ఇద్దరూ ఊరు కట్టాలనుకున్నారు. ఎక్కడ కట్టాలో తేలక రాబందుల్ని లెక్కపెట్టారు. ఒకడికి ఆరు కనిపించాయట, ఇంకొకడికి పన్నెండు. మా తాండూరు వైపు పన్నెండు రాబందులు ఒక్కచోట దిగాయంటే ఎవరిదో ఎద్దు చచ్చిందని అర్థం. వాళ్ళకు మాత్రం రాజ్యం వచ్చిందని అర్థమైంది.

తరువాత పన్నెండు రాబందులవాడు నాగలితో చాలు తీసి ఇదే కోటగోడ అన్నాడు. ఆరు రాబందులవాడు నవ్వి దాని మీదుగా దూకాడు. చాలు తీసినవాడు వాణ్ణి చంపేశాడు. ఊరికి చంపినవాడి పేరు పెట్టారు. ఊరైతే ఉంది కానీ జనం లేరు, కాబట్టి చుట్టుపక్కల దేశాల్లో తప్పు చేసి పారిపోయిన వాళ్ళందరినీ రమ్మన్నారు. వచ్చిన వాళ్ళందరూ మగవాళ్ళే. పండుగ చేస్తున్నాం రమ్మని పొరుగు వాళ్ళను పిలిచి, వాళ్ళ ఆడపిల్లల్ని ఎత్తుకుపోయారు. ఈ పాఠానికి పుస్తకంలో పెట్టిన పేరు 'నాగరికత ఆవిర్భావం'.

ఏడు కొండల మీద కట్టిన నగరమని ఇంకో గొప్ప. వికారాబాదు స్టేషనులో దిగి అనంతగిరి వైపు చూడండి, ఏడేం ఖర్మ, లెక్క తప్పేన్ని గుట్టలు. మొదట్లో రోమంటే మట్టి గోడల గుడిసెలు, కింద బురద, ఏటి రేవు దాటే ఉప్పు బండ్లు. అంతే. అంతకు మించిన ఊళ్ళు ధారూరు నుంచి తాండూరు దాకా రైలు కిటికీలోంచి ఎన్నైనా కనిపిస్తాయి. వాటిలో ఏ ఊరివాళ్ళూ మేం దేవుడికి పుట్టామని చెప్పుకోలేదు. ఒక్కడు తప్ప. వాడి చేత ఆ మాట చెప్పించింది నేనే.

నేను పుట్టింది గొర్రెలు కాసుకునే ఇంట్లో. మా ఊరు తాండూరుకు నడిచి పోయేంత దూరం, కాగ్నా ఏటికి పిలిస్తే పలికేంత దగ్గర. తండ్రి చిన్నప్పుడే పోతే మా మేనమామ నన్ను చదివించాడు. వికారాబాదు బడికి పంపిన రోజు జొన్నపిండి మూట తానే మోసుకొచ్చి రైలెక్కించాడు. చలి పెడుతుందని భుజం మీది గొంగడి తీసి నాకు కప్పాడు. ఆ చలికాలం ఆయన ఏం కప్పుకున్నాడో నేను అడగలేదు. చదువుకునే వాళ్ళకు అటువంటి ప్రశ్నలు రావు.

పోలీసు చర్య జరిగిన కొన్నేళ్ళకు మా ఊరి బడికే పంతులుగా వచ్చాను. అప్పటికే నాకు అబద్ధాలకోరుగా మంచి పేరుండేది. ధారూరు స్టేషను బావిలో పూడిక తీస్తుంటే రోము రాజు బంగారు చెంబు దొరికిందని, దాన్ని స్టేషను మాస్టరు మజ్జిగకు వాడుతున్నాడని తరగతిలో చెప్పాను. వారం తిరగకుండా పక్క ఊరి నుంచి ముగ్గురు పెద్దమనుషులు ఆ చెంబు చూడటానికి టిక్కెట్టు కొనుక్కుని మరీ పోయారు. చెంబు దొరకలేదని నా మీదికి రాలేదు. స్టేషను మాస్టరు దాచేశాడని ఆయన మీదికి పోయారు. జనం అంతే. పాపం, రోము జనం కూడా అంతే అయి ఉంటారు.

నా ప్రతిభ చెవిన పడి, తాండూరు నాపరాయి గనుల గుత్తేదారు ఒకాయన ఒక ఆదివారం బడికి వచ్చాడు. వచ్చి నా కుర్చీలో కూర్చున్నాడు. ఆయన తండ్రి కన్నడ దేశం వైపు నుంచి సుత్తె ఒకటి, ఉలి ఒకటి పట్టుకుని మా ఊరికి వచ్చినవాడు. ఆయన కొట్టిన బండలు పాత ఇళ్ళ నడవల్లో ఇప్పటికీ ఉన్నాయి. నీళ్ళు పోస్తే ఒక్క చుక్క నిలవదు, అంత సాపు. ఆ చేతులకు నేను ఇవాళ కూడా దండం పెడతాను. కొడుక్కి మాత్రం ఆ చేతుల్ని ఎక్కడ దాచాలా అన్నదే దిగులు. కొత్త ఇల్లు కట్టాడు, ఇంటి ముందు నిలువెత్తు బండ నిలబెట్టాడు, దాని మీద వంశ చరిత్ర చెక్కించాలట. రాసిపెట్టమన్నాడు.

మీ తాతగారు ఏం చేసేవారని అడిగాను.

"గదే నువ్వు చెప్పాలె సారూ," అన్నాడు.

నాకు వెంటనే గౌరవం కలిగింది. ఇంత నిజాయితీగా అబద్ధం అడిగినవాణ్ణి నేను అప్పటిదాకా చూడలేదు. రాసిపెడితే వికారాబాదుకు బదిలీ చేయిస్తానన్నాడు, ఆయనకు పైన తెలిసిన వాళ్ళున్నారు. వికారాబాదంటే జంక్షను. రైళ్ళు ఆగుతాయి, హోటళ్ళలో చాయ్ ఉంటుంది, నా అబద్ధాలు ఎన్నడూ వినని కొత్త చెవులు దినమూ దిగుతుంటాయి. ఒప్పుకున్నాను. రెండు ఆదివారాలు కూర్చుని రోమును దించేశాను. దొంగతనమే, కానీ ఆ కథ ముందే దొంగల కథ.

వాళ్ళ ఏరు తీసేసి కాగ్నా పెట్టాను. మిగిలిందంతా ఆయన దిద్దాడు. తోడేలు ఆయనకు నచ్చలేదు, పులిని పెట్టమన్నాడు. పులైతే జనం నమ్మరన్నాను. తోడేలు పాలిచ్చిందంటే నమ్ముతారా అని ఆయనా అడగలేదు, నేనూ చెప్పలేదు. రాబందులు అశుభమని గరుడ పక్షులు చేయించాడు. ఆడపిల్లల్ని ఎత్తుకుపోవడం వద్దన్నాడు, ఇంట్లో ఆడవాళ్ళు చదువుతారట. కవలల దగ్గర చాలాసేపు ఆగాడు. ఆయనకూ ఒక తమ్ముడున్నాడు, గనిలో వాటా అడుగుతున్నాడు. చివరికి పిల్లవాడు ఒక్కడే అని రాయమన్నాడు. రోములో కత్తి చేసిన పని తాండూరులో కలం చేసింది.

ఒక్కచోట మాత్రం నేను పట్టుబట్టాను. బుట్టలోని పిల్లవాణ్ణి చూసి పెంచిన కాపరిని ఆయన తీసేయమన్నాడు. తన మూలపురుషుడు గొర్రెల దొడ్డిలో పెరగడం ఆయనకు చిన్నతనం. ఎవరో ఒకరు చూడకపోతే మీ మూలపురుషుడు ఇంకా తోడేలు దగ్గరే ఉండిపోతాడని చెప్పాను.

"సరే, ఉండనీ. కాని వానికి ఎక్కువ మాటలియ్యకు," అన్నాడు.

ఇవ్వలేదు. ఒక్క వాక్యంలో సరిపెట్టాను. ఇదంతా ఎక్కడ జరిగినట్టు రాయాలో కూడా ఆయనే చెప్పాడు: మా ఊరి ఎర్రగుట్ట మీద. అన్ని గుట్టలుండగా ఆ గుట్టే ఎందుకని నాకు అనుమానం రాలేదు. పిల్లలకు చరిత్ర చెప్పేవాడిని, నాకు అనుమానాలెందుకు వస్తాయి.

నెల కాలేదు, ఊళ్ళో డప్పు వేశారు. ఎర్రగుట్ట మీద విచారణకు తహసీల్దారు వస్తున్నాడని, చెప్పుకునేది ఉన్నవాళ్ళు చావడి దగ్గరికి రావాలని. గుట్ట అడుగున మంచి నాపరాయి పొర ఉందట. దాన్ని తవ్వుకోనివ్వమని గుత్తేదారు అర్జీ పెట్టాడు. ఊరు పుట్టించింది మా వంశమే, ఆ గుట్ట మా పూర్వీకుల జాగా అని అర్జీలో రాయించాడు.

ఎర్రగుట్ట అంటే బయటివాళ్ళకు ముళ్ళపొదలు, రాళ్ళు. మా వాళ్ళకు అది నాలుగు నెలల బతుకు. తొలకరి పడి జొన్న, కంది విత్తనం వేశాక చేలల్లో గొర్రె కాలు పెట్టనివ్వరు. కోతలయ్యే దాకా మందకు ఉన్నది ఆ గుట్ట ఒక్కటే.

డప్పు వేసిన మరునాడు మేనమామ బడికి వచ్చాడు. లోపలికి రాలేదు, గడప అవతలే నిలబడ్డాడు.

"అల్లుడా, గుట్ట పోతె మంద అమ్ముకునుడే. నాకు గొర్లు కాసుడు తప్ప వేరే పని రాదు. నువ్వు సదువుకున్నోనివి, రేపు చావడి కాడ నా దిక్కు నిలవడి రెండు మాటలు చెప్పు," అన్నాడు.

గుత్తేదారు చేతిలో ఉన్న కాగితం ఎవరు రాశారో ఆయనకు తెలియదు. సరే మామా అన్నాను. నేను చెప్పిన అబద్ధాల్లో అన్నిటికంటే పొట్టిది అదే.

తహసీల్దారు హైదరాబాదు మనిషి, నెరిసిన గడ్డం, ఉతికి ఉతికి రంగు వెలిసిన షేర్వానీ. చావడి అరుగు మీద కూర్చుని అందరికీ సలాం తిరిగి ఇచ్చాడు. మా మామ, ఇంకో పదిమంది కాపరులు గొంగళ్ళు భుజాన వేసుకుని ఎడమవైపు నిలబడ్డారు. నేను రాగానే మామ పక్కకు జరిగి నాకు చోటు చేశాడు. ఆ చోటులో నేను నిలబడీ నిలబడకముందే గుత్తేదారు గొంతు వినిపించింది: వంశ చరిత్ర రాసిన సారు ఇక్కడే ఉన్నాడు, ఆయనే చదువుతాడు.

మామ నా ముఖం చూశాడు. నేను ఆ చోటు విడిచి కుడివైపుకు నడిచాను. పది అడుగులుంటుందేమో. వికారాబాదు నుంచి మా ఊరికి అంతకంటే తొందరగా వచ్చేవాణ్ణి.

చదివాను. దేవుని అంశ, బుట్ట, కాగ్నా వరద, తోడేలు, గరుడ పక్షులు. తోడేలు దగ్గర కాపరులు ఒకరినొకరు చూసుకున్నారు. వాళ్ళు పుట్టినప్పటినుంచి తోడేళ్ళతో వేగుతున్నవాళ్ళు, తోడేలు నోటి నుంచి గొర్రెపిల్లల్ని లాక్కొచ్చినవాళ్ళు. ఒకాయన ఉమ్మి వేయడానికి పక్కకు పోయాడు. అంతకంటే మంచి విమర్శ నా రచనలకు మళ్ళీ రాలేదు.

చదవడం అయ్యాక మామ ముందుకు వచ్చాడు. ఒక మాట అడగొచ్చా అని తహసీల్దారును అడిగాడు. అడగమన్నాడు. మామ నా వైపు తిరిగాడు. అల్లుడా అనలేదు.

"సారూ, బుట్టల పిల్లగాన్ని చూసినోడు గుట్ట మీద ఏం చేస్తుండె?"

"మంద మేపుతున్నాడు."

"కాయితంల గట్లనే ఉన్నదా? జర మల్ల సదువు."

చదివాను. 'ఎర్రగుట్ట మీద మందను మేపుచున్న కాపరి ఒకడు ఆ దివ్యశిశువును చూచెను.' నేను ఇచ్చిన ఒకే ఒక్క వాక్యం.

"అంటె పిల్లగాడు వచ్చెటాల్లకే మంద గుట్ట మీద ఉన్నది," అన్నాడు మామ తహసీల్దారుతో. "మల్ల ముందుగాల గుట్ట తొక్కింది ఎవరు దొరా?"

గుత్తేదారు లేచాడు. ఆ కాపరి ఉత్త కూలివాడని, పెంచినంత మాత్రాన ఏం కాదని, పిల్లవాడు పెద్దవాడై ఊరు కట్టాడు కాబట్టి గుట్ట పిల్లవాడిదేనని వాదించాడు. మామ చివరిదాకా విన్నాడు.

"మా దొడ్లల్ల ఒక రివాజు ఉన్నది దొరా. తప్పిపోయిన గొర్రెపిల్ల దొరికితె, దాన్ని సాకినోడు దాని చెవి అంచుకు తన గాటు పెడ్తడు. ఇగ అది ఎంత పెద్ద పొట్టేలైనా గాటు ఎవరిదైతె దొడ్డి వానిదే. గుత్తేదారు తాత మా దొడ్లె పెరిగిండని ఆయన కాయితమే చెప్తున్నది. గా ఇంటోల్ల చెవులకు మా గాటు ఉండాలె మరి. జర చూపియ్యమనుండ్రి."

గుత్తేదారు చెయ్యి తనంతట తానే పైకి లేచి చెవి మూసింది. చావడి మొత్తం నవ్వింది. గుత్తేదారు మనుషులు కూడా నవ్వారు. తహసీల్దారు కళ్ళజోడు తీసి షేర్వానీ అంచుతో చాలాసేపు తుడుచుకున్నాడు, అంత దుమ్ము దాని మీద లేదు.

ఆయన రాయించిన తీర్పు రెండే ముక్కలు. గుట్ట మీద మంద మేపడం ఊరు పుట్టడానికంటే పాతదని అర్జీదారు తానే ఒప్పుకున్నాడు. కాబట్టి గుట్ట మేతకే ఉండాలి. నేను కాగితాలు సర్దుతుంటే నా దగ్గరికి వంగి చిన్నగా అడిగాడు.

"మాస్టర్ సాబ్, రోము నదికి కాగ్నా అని పేరు ఎన్నడు మారింది? మేము చదివినప్పుడు వేరే ఉండె."

ఆయనా నేను చదివిన ఉర్దూ పుస్తకమే చదివాడు. మొదటి నుంచి తెలుసు. తెలిసీ ఊరుకున్నాడు, ఆ అబద్ధాన్ని గొర్రెల కాపరి ఎలా విప్పుతాడో చూద్దామని.

తరువాత చాలా ఏళ్ళు నేను ఈ సంగతిని రైళ్ళలో, హోటళ్ళలో ఇంకోలా చెప్పాను. నిండు చావడిలో లేచి నిలబడి, ఇది అబద్ధం, రాసింది నేనే అని కాగితం చించేశానని, గుట్టను నేనే కాపాడానని. బాగా చెప్పేవాణ్ణి, కొందరు కళ్ళనీళ్ళు కూడా పెట్టుకున్నారు. రోమువాళ్ళు ఎలా మొదలయ్యారో నాకు తెలియడానికి పుస్తకాలు అక్కరలేదు. మనిషికి నడివయసు వస్తే చాలు, తనకు తానే దేవుడి కొడుకైపోతాడు.

బదిలీ వచ్చింది. వికారాబాదుకు కాదు, రైలు మొహమే చూడని బంట్వారానికి. గుత్తేదారు మాట నిలబెట్టుకునేవాడే, కాకపోతే ఊరు మార్చాడు. ఆయన ఇంటి ముందు బండ చాలాకాలం ఖాళీగానే నిలబడింది. తరువాత దాన్ని పడుకోబెట్టి బట్టలుతకడానికి వాడుతున్నారని విన్నాను. తండ్రి కొట్టిన బండల్లాగే దాని మీదా నీళ్ళు నిలిచేవి కావట.

మామ నాతో మాట్లాడలేదు. మా ఇంటి ముందునుంచే మందను తోలుకుపోయేవాడు, తల తిప్పేవాడు కాదు. బంట్వారానికి బయలుదేరే రోజు పొద్దున్నే నేనే గుట్టకు పోయాను. తొలకరి పడి పది రోజులైంది. గుట్ట నిండా పచ్చటి మొలక, దాని మీద గొర్రెల మూతులు. ఆయన రాతి మీద కూర్చుని ఉన్నాడు. నేను కూర్చున్నాను. పొమ్మనలేదు.

గొర్రెల మీంచి చూపు తిప్పకుండానే, ఆ కథ నువ్వే పుట్టించావా అని అడిగాడు. కాదు మామా, రోమని ఒక దేశం, వాళ్ళది అని చెప్పాను.

"ఆడ గూడ పిల్లగాన్ని మనసొంటోడే సాకిండా?"

"అవును. ఇద్దరు పిల్లలు. ఇద్దర్నీ ఆయనే పెంచాడు."

"మరి రాజ్యం వచ్చినంక వానికి ఏం ఇచ్చిండ్రు?"

ఒక పుస్తకంలో ఉన్నది గుర్తుంది. పిల్లలకు నేనెన్నడూ చెప్పలేదు. గోడ దగ్గర అన్నదమ్ములు కొట్లాడుకుంటుంటే విడిపించడానికి ముసలి కాపరి మధ్యలోకి పోయాడు. ఆ కొట్లాటలో చచ్చిపోయాడు. దాని మీద ఒక్క వాక్యం. అది చెప్పాను.

మామ కర్రతో మట్టిలో గీత గీసి, మళ్ళీ చెరిపాడు.

"మంద?"

"ఏ మంద?"

"వానిది. వాడు సచ్చినంక మంద ఎవరు తోలుకపోయిండ్రు?"

జవాబు నాకు తెలియదు. తెలియకపోతే పుట్టించడం నా వృత్తి. ఆయన పెద్దకొడుకు అనో, పెళ్ళాం అనో, తోడేలే వచ్చి తోలుకుపోయిందనో ఏదో ఒకటి చెప్పడానికి నోరు తెరిచాను. మామ నా నోటి వైపే చూస్తున్నాడు. మూసేశాను.

"ఎక్కడా రాయలేదు మామా."

"రాయరు," అన్నాడు. లేచి గొంగడి దులిపాడు. ఒక గొర్రె మంద విడిచి కింది కంది చేను వైపు దిగుతోంది. నాలుకతో టక్కుమని శబ్దం చేశాడు, అది ఆగి వెనక్కి చూసింది. "పో అల్లుడా, నీ బస్సు పోతది," అని దాన్ని మళ్ళించడానికి దిగిపోయాడు.